చేదు వేరు, మత్తు వేరు

పోయిన నెల జీతాలు పడిన ఆదివారం, వీధి కొళాయి దగ్గర ఒక చెల్లెలు నన్ను నిలబెట్టి అడిగింది. "అన్నా, మీ బావ బ్రాందీ మానేసినాడు. ఇప్పుడు బీరే తాగతాండాడు. ఆ స్ట్రాంగ్ బీరు పెద్ద చేదు లేదంట, అందుకని మత్తు కూడా తక్కువంట. రెండు సీసాలు తాగితే ఒళ్ళు చల్లబడతాదంట. నిజమేనా?"

నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఎందుకంటే చాలా కాలం నేనూ అట్లే అనుకున్నాను. చేదుగా ఉంటే గట్టి సరుకు, మెత్తగా దిగితే లేత సరుకు అని. మిల్లు గేటు బయట టీకొట్టు దగ్గర కూడా ఇదే మాట వినపడుతుంది. అందుకే ఈ నెల ఈ సంగతే రాస్తున్నాను.

మన తిరువళ్ళూరు జిల్లాలోనే బీరు ఫ్యాక్టరీలు ఉన్నాయి. ఎక్కడ చేసినా పద్ధతి ఒకటే. బార్లీ గింజల్ని మొలకెత్తించి, ఎండబెట్టి, నలగ్గొట్టి, వేడినీళ్ళలో నానబెడతారు. తియ్యటి నీళ్ళు దిగుతాయి. అందులో హాప్స్ అనే తీగ పూలు వేసి సుమారు గంటసేపు మరగబెడతారు. హాప్స్ మన తిరుత్తణి ఎండకు బతికేది కాదు. చలిదేశపు తీగ. మన దేశంలో హిమాచల్ ప్రదేశ్‌లోని లాహౌల్ లోయలో పండిస్తారు.

ఆ పూల రేకుల సందున పచ్చటి జిగురుపొడి ఉంటుంది. దాంట్లో ఆల్ఫా ఆమ్లాలు ఉంటాయి. వాటిలో ముఖ్యమైంది హ్యూములోన్. విచిత్రం ఏమంటే, ఇది నీళ్ళలో సరిగ్గా కరగదు, పెద్ద చేదూ ఉండదు. మరిగే వేడికి దాని అణువు రూపు మారి ఐసో హ్యూములోన్ అవుతుంది. కొత్తగా ఏదీ చేరదు, ఏదీ పోదు. మగ్గం మీద అదే నూలు, అదే బరువు, నేత మారితే గుడ్డ మారినట్టు. ఈ కొత్త రూపం నీళ్ళలో కరుగుతుంది, గట్టిగా చేదెక్కుతుంది. బీరు చేదంతా ముఖ్యంగా ఇదే.

ఇంతవరకు ఆ కాగులో సారాయి చుక్క కూడా లేదు. అది గుర్తుపెట్టుకోండి. ఆ నీళ్ళు చల్లారినాక ఈస్ట్ కలుపుతారు. ఈస్ట్ చక్కెరను తిని ఆల్కహాల్ చేస్తుంది. అంటే చేదు పూల నుంచి వచ్చింది, మత్తు చక్కెర నుంచి వచ్చింది. రెండింటికీ చుట్టరికం లేదు. చక్కెర పెంచి, పూలు తగ్గిస్తే చేదు తక్కువగా, మత్తు ఎక్కువగా ఉండే బీరు తయారవుతుంది.

మరి చేదు ఎందుకు పెట్టారు? ఒకటి, తియ్యదనం మొహం మొత్తకుండా. రెండు, హాప్స్ చేదు కొన్ని రకాల బ్యాక్టీరియాను పెరగనివ్వదు. కంపెనీ దొరల కాలంలో లండన్ నుంచి మద్రాసుకు ఓడలో బీరు రావాలంటే నెలల తరబడి పట్టేది. దారిలో పులిసిపోకుండా హాప్స్ ఎక్కువ వేసేవాళ్ళు. ఇండియా పేల్ ఏల్ అనే పేరులో మన దేశం పేరు అట్లా చేరింది.

ఇక చెల్లెలికి చెప్పిన లెక్క. పెద్ద సీసా 650 మిల్లీలీటర్లు. మామూలు బీరు 5 శాతం దాకా, స్ట్రాంగ్ బీరు 8 శాతం దాకా ఉంటుంది. 650లో 8 శాతం అంటే 52 మిల్లీలీటర్ల ఆల్కహాల్. రెండు సీసాలకు 104. బ్రాందీ క్వార్టర్ 180 మిల్లీలీటర్లు, 42.8 శాతం. అంటే 77. క్వార్టర్ మానేసి రెండు స్ట్రాంగ్ బీర్లకు మారిన మనిషి తగ్గించలేదు, పెంచినాడు. ఒళ్ళు చల్లబడటం కూడా ఐసు పుణ్యమే. ఆల్కహాల్ ఒంట్లో నీటిని మూత్రంగా బయటికి తోలేస్తుంది. స్పిన్నింగ్ వేడిలో ఎనిమిది గంటలు చెమటోడ్చిన ఒంటికి అది ఇంకా చెరుపు.

విషాలు చాలావరకు చేదు కాబట్టి చేదును కనిపెట్టడానికి నాలుక మీద పాతికదాకా కాపలాదార్లు ఉన్నాయి. ఉగాదినాడు ఒక్క వేపపువ్వు తగిలినా పట్టేస్తాయి. కానీ మత్తు ఎంతో కొలవడం వాటి పని కాదు. 2024 జూన్‌లో కళ్ళకురిచిలో మిథనాల్ కలిసిన సారాయికి 60 మందికి పైగా పోయినారు. నాలుకకు అది మామూలు సారాయికి వేరుగా తెలియలేదు.

కాబట్టి నాలుకను అడగొద్దు, సీసా చీటీ మీద శాతం అంకె చూడండి. ఎన్ని మిల్లీలీటర్లో దాంతో గుణించి నూరుతో భాగించండి.

చెల్లెలు ఆ లెక్కను క్యాలెండర్ కాగితం వెనక రాసుకుని పోయింది. మొన్న కనపడితే అంది: "గోడకు అతికించినాను అన్నా. మీ బావ చూసినాడు. ఏమీ అనలేదు, కానీ ఈ వారం ఒకటే తెచ్చుకున్నాడు."