లెక్కలోకి రాని దిగులు: డియర్‌బోర్న్ అరబ్బుల అనుభవం

అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలోని డియర్‌బోర్న్‌లో ఫోర్డ్ కంపెనీ ప్రధాన కార్యాలయం ఉంది. ఊరి జనాభా సుమారు 1,10,000. కార్ల ఫ్యాక్టరీల్లో పనికోసం వందేళ్ల కిందట లెబనాన్ నుంచి, తర్వాత యెమెన్, ఇరాక్‌ల నుంచి వచ్చిన కుటుంబాలు అక్కడే స్థిరపడ్డాయి. 2020 జనగణన ప్రకారం ఊళ్లో సగానికి పైగా అరబ్, పశ్చిమాసియా మూలాలున్నవారే.

ప్రభుత్వ కాగితాల్లో మాత్రం వీళ్లంతా 'తెల్లవారు'. 1977 నాటి వర్గీకరణ అలా రాసి పెట్టింది. వినడానికి ఇది పేరు గొడవలా ఉంటుంది కానీ, దెబ్బ తగిలేది ఆసుపత్రిలో. కుంగుబాటు ఎంతమందికి, ఆత్మహత్యలు ఎన్ని అని లెక్క తీస్తే అరబ్బుల అంకెలు తెల్లవాళ్ల సగటులో కలిసిపోతాయి. అంకె లేకపోతే అవసరం లేనట్టే, నిధి అడగడానికి ఆధారమూ లేనట్టే. 2024 మార్చిలో 'పశ్చిమాసియా, ఉత్తరాఫ్రికా' అనే ప్రత్యేక వర్గాన్ని చేర్చారు. అమలుకు అప్పట్లో ఐదేళ్ల గడువు ఇచ్చారు.

అదే ఏడాది దక్షిణ లెబనాన్‌పై బాంబులు పడ్డాయి. డియర్‌బోర్న్‌లో చాలామంది బంధువులు ఉన్నది ఆ ఊళ్లలోనే. ఇలాంటి దిగులు కాగితం మీది గడువు కోసం ఆగదు. 1971లో ఆ ఊళ్లోనే పుట్టిన 'యాక్సెస్' అనే సంస్థ ఎన్నో ఏళ్లుగా అరబిక్‌లో మానసిక వైద్యం, చిత్రహింసల నుంచి బయటపడి వచ్చినవారికి ప్రత్యేక సేవలు నడుపుతోంది. వర్గం పేరు రాకముందే పని మొదలైంది. నా దృష్టిలో అక్కడ గమనించాల్సిన సంగతి ఇదే.

అయితే అరబిక్ తెలిస్తే చాలదు. వ్రాత అరబిక్ వేరు, యెమెనీ ఇంట్లో మాట్లాడేది వేరు, లెబనీస్ వేరు. మన గ్రాంథికానికీ ఇంటి మాటకూ ఉన్నంత దూరం. పైగా 'నాకు కుంగుబాటు' అని చెప్పేవాళ్లు తక్కువ. గుండె నలిగినట్టుంది, ఛాతీ బిగుసుకుపోయింది అంటారు. ఆ మాట తెలియని డాక్టరు ఈసీజీ తీయించి పంపేస్తాడు. దుబాసీగా కొడుకునో కూతురినో కూర్చోబెడితే తల్లి అసలు విషయం మింగేస్తుంది. పిల్లల ముందు ఏం చెబుతుంది?

ఈ ఇబ్బంది హోసూరు, బరంపురం, సోలాపూర్ తెలుగు ఇళ్లకు కొత్తది కాదు. నాయనమ్మ "మనసు మనసులో లేదురా" అంటే మనవడు దాన్ని తమిళంలోనో ఒడియాలోనో డాక్టరుకు చెప్పబోతాడు. సగం దారిలో జారిపోతుంది. మన పరిస్థితి వాళ్లంత తీవ్రం కాదు. మన బంధువుల ఊళ్లపై బాంబులు పడటం లేదు, మాతృభాష లెక్క జనగణనలో ఉంది. కానీ జిల్లా ఆసుపత్రి మానసిక విభాగంలో తెలుగు తెలిసినవారు ఉన్నారా అని ఆ లెక్క చూపించి అడిగిన సంఘాలు ఎన్ని?

2022 అక్టోబరులో మొదలైన టెలీ మానస్‌కు 14416 నంబరుపై ఉచితంగా ఫోన్ చేయవచ్చు. 20 భాషల్లో సేవ ఉందని ప్రభుత్వం చెబుతోంది. చెన్నైలో ఉన్నా, భువనేశ్వర్‌లో ఉన్నా తెలుగు కావాలని అడగవచ్చు. అవతల తెలుగు పలికిందా, మన ఇంటి తెలుగు వాళ్లకు అర్థమైందా అన్నది మన సంఘాలు రాసిపెట్టుకుంటే, రేపు అధికారుల ముందు పెట్టడానికి ఒక కాగితం ఉంటుంది.