రాత నేర్పరు, రాతనే తూకం వేస్తారు

మన విశ్వవిద్యాలయాల్లో విద్యార్థి ప్రతిభను చివరికి అతడు ఇంగ్లీషులో రాసిన కాగితమే నిర్ణయిస్తుంది. సెమిస్టర్ పరీక్ష, ప్రాజెక్టు నివేదిక, పరిశోధన ప్రతిపాదన, సిద్ధాంత గ్రంథం, ఫెలోషిప్‌కు పెట్టుకునే దరఖాస్తు, అన్నీ రాతే. ఆ రాతను నేర్పే గంట మాత్రం టైంటేబుల్‌లో కనబడదు. డిగ్రీలో కమ్యూనికేషన్ స్కిల్స్ పేరిట ఒక పేపరు ఉంటుంది. ఫోనులో మర్యాదగా మాట్లాడటం, ఇంటర్వ్యూలో తనను తాను పరిచయం చేసుకోవటం, సెలవు కోరుతూ లేఖ రాయటం అందులోని పాఠాలు. ఒక వాదాన్ని నిలబెట్టడం, ఇతరుల మాటను తన మాటతో పోల్చి తేల్చడం, రాసినదాన్ని తిరగరాయడం అందులో ఉండవు. నేర్పనిదాన్ని పరీక్షించి, నెగ్గినవారికి మెరిట్ ఉందని ముద్ర వేయడం ఏ న్యాయం?

నేర్పకపోయినా కొందరికి వస్తుంది. రెండు మూడు తరాలుగా ఇంగ్లీషు పత్రిక వచ్చే ఇంట్లో, దరఖాస్తు రాయాల్సి వస్తే తండ్రో మేనమామో పక్కన కూర్చుని దిద్దిపెట్టే ఇంట్లో అది తెలియకుండానే అబ్బుతుంది. భూమి వలెనే రాత కూడా ఈ సమాజంలో కొన్ని కులాలకు వారసత్వపు ఆస్తి. భూమికి పట్టా ఉంటుంది కనుక అది తాతలిచ్చినదని అందరికీ తెలుస్తుంది. రాతకు పట్టా లేదు కనుక అది సొంత తెలివిగా చలామణి అవుతుంది.

ఇంగ్లీషును 'రెండో భాష' అని పాఠ్యప్రణాళికలు పిలుస్తాయి. ఎవరికి రెండోది? పాలమూరు పల్లె నుంచో, పలనాటి వాడ నుంచో వచ్చిన దళిత విద్యార్థి బడిలో అడుగుపెట్టిన నాడే ఒకసారి భాష మార్చుకున్నాడు. ఇంటి పలుకును 'తప్పు తెలుగు' అనిపించుకుని పుస్తకపు తెలుగు నేర్చుకున్నాడు. నూరేళ్ల కిందట గిడుగు రామమూర్తి పంతులు బడిలోనూ పరీక్షల్లోనూ గ్రాంథికాన్ని రుద్దడాన్ని ఎదిరించారు. నోట లేని భాషలో పిల్లలు ఎందుకు రాయాలన్నది నాటి వివాదపు సారం. ఆయన పక్షం నెగ్గింది. సవరల భాష నేర్చుకుని దానికి వ్యాకరణం, నిఘంటువు కూర్చిన పంతులు చిత్తశుద్ధిని శంకించలేం. అయినా నెగ్గిన భాష పేరు శిష్ట వ్యావహారికం. ఆ శిష్టులు ఎవరో వేరుగా చెప్పనక్కర్లేదు. మధ్య కోస్తా జిల్లాల్లో చదువుకున్న కుటుంబాల పలుకుబడే అందరి తెలుగుగా స్థిరపడింది. అందువల్ల వాడ పిల్లవాడికి ఇంగ్లీషు నిజానికి మూడోది. గోండు, కోయ, లంబాడా, సవర విద్యార్థులకు అది మూడోదో నాలుగోదో. అందరినీ ఒకే వరుసలో నిలబెట్టి 'ఇంగ్లీషులో వీక్' అని తేల్చేస్తున్నాం.

ఆ బలహీనత ఏమిటో దగ్గరగా చూసినవారు తక్కువ. 'వస్తానని చెప్పాడు' అనే తెలుగు వాక్యాన్ని తీసుకోండి. వచ్చేదీ చెప్పిందీ అతడే. అయినా క్రియ 'వస్తాడు' కాదు, 'వస్తాను'. చెప్పినవాడి నోటిమాటను ఉన్నదున్నట్టు పట్టుకుని దానికి 'అని' చేర్చడం తెలుగు పద్ధతి. ఆ పద్ధతిలో పెరిగిన విద్యార్థి ఇంగ్లీషులో 'హి సెడ్ దట్ ఐ విల్ కమ్' అని రాస్తాడు. దిద్దేవారు ఎర్రసిరాతో 'ఐ' చుట్టూ సున్నా చుట్టి మార్కు కోస్తారు. అలాగే 'పొద్దున్నే లేచి, గొడ్లకు మేతవేసి, ఇంత తిని, బస్సెక్కి కాలేజీకి వచ్చాను' అన్న వాక్యంలో పని ముగించే క్రియ చివరన ఒక్కటే. మిగిలినవన్నీ దానికోసం ఎదురుచూసే అసమాపక క్రియలు. ఈ నడక ఇంగ్లీషులోకి వెళ్తే పేరా అంతా ఒకే వాక్యంగా సాగి చివర ఒక ఫుల్‌స్టాప్ పడుతుంది. ఇక 'ఎ', 'ది' వంటి ఆర్టికల్స్ తెలుగులో లేనేలేవు. ఇవి అజ్ఞానపు గుర్తులు కావు. ఒక వ్యాకరణం బాగా తెలిసినవాడు మరో వ్యాకరణంలోకి నడిచిన అడుగుజాడలు. వీటిని గుర్తుపట్టాలంటే ఇంగ్లీషు చెప్పేవారికి తెలుగు వ్యాకరణం తెలియాలి. మనం మాత్రం ఇంగ్లీషు తరగతిలో తెలుగు వినబడకూడదని నిషేధాలు పెట్టుకున్నాం.

ఈ ఎరుక కలిగిన చోటు ఒకటి న్యూయార్క్‌లో ఉంది. 1969లో నల్లజాతి, ప్యూర్టోరికన్ విద్యార్థులు సిటీ కాలేజీలో పెద్ద ఉద్యమం చేశారు. దాని ఫలితంగా 1970లో న్యూయార్క్ నగర విశ్వవిద్యాలయం హైస్కూలు పూర్తిచేసిన నగర విద్యార్థులందరికీ తలుపులు తెరిచింది. విశ్వవిద్యాలయపు రాత తెలియని వేలమంది లోపలికి వచ్చారు. వీరికి చదువే అబ్బదని చాలామంది అధ్యాపకులు పెదవి విరిచిన సమయంలో మైనా షానెసీ అనే అధ్యాపకురాలు సుమారు 4,000 వ్యాసాలు ముందేసుకుని చదివారు. తప్పులకు ఒక క్రమం ఉందని, ప్రతి తప్పు వెనుకా ఒక ఆలోచన ఉందని, దాన్ని పట్టుకుంటే నేర్పవచ్చని 1977లో వెలువడిన 'ఎర్రర్స్ అండ్ ఎక్స్‌పెక్టేషన్స్' అనే పుస్తకంలో చూపారు. తరువాతి కథ కూడా తెలుసుకోవాలి. 1976లోనే అక్కడ ఫీజులు మొదలయ్యాయి. 1990ల చివరలో నాలుగేళ్ల కాలేజీల నుంచి 'రెమెడియల్' తరగతులను తొలగించాలని నిర్ణయించారు. రాత నేర్పడాన్ని పక్క గదిలో పెడితే ఆ గదికి తాళం వేయడం సులభం. మన దగ్గర ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ విద్యార్థులకు సాయంత్రంపూట జరిగే రెమెడియల్ కోచింగ్ చూస్తే ఇదే గుర్తొస్తుంది. రెమెడీ అంటే మందు. జబ్బు విద్యార్థిదని ముందే తీర్మానించిన మాట అది.

భాషకంటే లోతైన నష్టం మరొకటి ఉంది. తెలంగాణ పల్లె చరిత్ర మీద పరిశోధన చేసే విద్యార్థి తెలుగులో మాట్లాడేటప్పుడు వెట్టి వేరు, జీతం వేరు, భాగేలా వేరు అని స్పష్టంగా విడదీస్తాడు. కులాన్ని బట్టి దొరకూ అధికారికీ కూలి లేకుండా చేయాల్సి వచ్చింది వెట్టి. ఏడాదికింత అని కుదుర్చుకుని చేసేది జీతం. తీసుకున్న అప్పు కింద మనిషే కుదువపడేది భాగేలా. వాళ్ల తాత వీటిలో ఏది చేశాడో అతడికి తెలుసు. ఇంగ్లీషులో రాయడం మొదలుపెట్టగానే మూడూ కలిసి 'బాండెడ్ లేబర్' అయిపోతాయి. అతడికి తెలిసిన సూక్ష్మమంతా కాగితం మీదికి రాకుండా ఆగిపోతుంది. పరీక్షకుడికి ఎదురయ్యేది ఇదివరకే వంద పుస్తకాల్లో చదివిన వాక్యం. కనుక 'ఒరిజినాలిటీ లేదు' అంటాడు. వెట్టి అనే మాటను వెట్టిగానే ఇంగ్లీషులో ఉంచి, దాన్ని రెండు వాక్యాల్లో వివరించి ముందుకు సాగడం నేర్పదగిన విద్య. ఫోనులో ఉన్న యంత్రం వ్యాకరణం దిద్దుతుంది, కాదనను. కానీ నలిగిన దారిలోని మాటనే అది ముందుకు తెస్తుంది. ఈ తేడాను విద్యార్థి తానే పట్టుకుని నిలబెట్టాలి.

నకలు విషయంలోనూ ఇంతే. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం సిద్ధాంత గ్రంథంలో పోలిక 10 శాతం వరకు ఉంటే శిక్ష లేదు. అది దాటితే తిరగరాసి ఇవ్వాలి, 40 దాటితే ఏడాదిపాటు సమర్పించే వీలుండదు, 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దు. దొంగతనాన్ని వెనకేసుకు రావడం నా ఉద్దేశం కాదు. అయితే పరాయి భాషలో రాసేవారు మొదట ఇతరుల వాక్యాలను ఆసరాగా పట్టుకునే నడక నేర్చుకుంటారు. చదివినదాన్ని సొంత మాటల్లో చెప్పడం, ఎవరి మాట ఎక్కడ ముగిసిందో చూపడం ఒక్క తరగతిలోనూ నేర్పకుండా, చివరన సాఫ్ట్‌వేర్‌ను కాపలా పెట్టాం. డబ్బున్నవాడు యూనివర్సిటీ గేటు ఎదుటి దుకాణంలో వాక్యాలు మార్పించుకుని దాటిపోతాడు. హాస్టల్ మెస్ బిల్లు బాకీ ఉన్నవాడు దొరికిపోతాడు.

ఇంగ్లీషు మాధ్యమం వస్తే ఇదంతా సర్దుకుంటుందని బహుజన సమాజంలో బలమైన ఆశ ఉంది. ఆ కోరిక న్యాయమైనది. తమ పిల్లలను కార్పొరేట్ బడులకు పంపి, పేదల పిల్లలకు మాతృభాష మాధుర్యం బోధించేవారికి దాన్ని ప్రశ్నించే హక్కు లేదు. 2019లో ప్రభుత్వ బడుల్లో ఇంగ్లీషు మాధ్యమం కోసం ఆంధ్రప్రదేశ్ జారీ చేసిన ఉత్తర్వులను 2020 ఏప్రిల్‌లో హైకోర్టు కొట్టివేసింది. 2021లో డిగ్రీ కాలేజీలన్నీ ఇంగ్లీషు మాధ్యమంలోనే నడవాలని అదే ప్రభుత్వం నిర్ణయించింది. బడి పిల్లలకు ఒక పేజీ తెలుగు, ఒక పేజీ ఇంగ్లీషు ఉన్న పుస్తకాలైనా దక్కాయి. పన్నెండేళ్లు తెలుగులో చదివి డిగ్రీకి వచ్చినవారి చేతిలో బజారు గైడు తప్ప ఏముంది? మాధ్యమం మార్చడానికి ఒక ఉత్తర్వు చాలు. రాయడం నేర్పడానికి ఎవరో ఒకరు కూర్చుని ఆ కాగితం చదవాలి.

'అంబేడ్కర్‌కు ఎవరు నేర్పారు? కష్టపడితే అదే వస్తుంది' అనే మాట అధ్యాపకుల గదుల్లో తరచు వినబడుతుంది. మరాఠీ మాతృభాషగా గల అంబేడ్కర్ కొలంబియాలో చదువుతుండగా 1916 మే 9న గోల్డెన్‌వైజర్ నిర్వహించిన మానవశాస్త్ర సెమినార్‌లో 'కాస్ట్స్ ఇన్ ఇండియా' చదివారు. మరుసటి ఏడాది అది 'ఇండియన్ యాంటిక్వరీ'లో అచ్చయింది. కులంపై ఆధునిక ఆలోచనకు పునాది వేసిన ఆ రచన ఒక విద్యార్థి సెమినార్ పత్రం. పత్రం రాయడం, పదిమంది ముందు చదవడం, ప్రశ్నలకు నిలబడటం ఆ విశ్వవిద్యాలయంలో చదువులో భాగం. ఆయన మేధస్సు ఆయనదే. అది వినిపించడానికి ఒక బల్ల, చుట్టూ వినేవారు ఉన్నారన్నదీ నిజమే. రాత వచ్చినంత మాత్రాన కులం పోదన్నదీ మనకు తెలుసు. పద్యవిద్యలో పండితులతో సరితూగిన జాషువాకు అవమానాలు తప్పలేదు. అయినా 'గబ్బిలం' ఆయన చేతిలోనే మిగిలింది.

కాబట్టి అడగాల్సింది స్పోకెన్ ఇంగ్లీషు ల్యాబులు కాదు. చరిత్ర, ఆర్థికశాస్త్రం, వృక్షశాస్త్రం, ఏ శాఖ అయినా ప్రతి సెమిస్టర్‌లో ఒక పేపరుకు ఇంటర్నల్ పరీక్ష స్థానంలో రెండు వేల మాటల వ్యాసం పెట్టవచ్చు. మొదటి ప్రతి తెలుగులోనో రెండు భాషలు కలిపో రాసుకోనివ్వాలి. అధ్యాపకులు దానిలోని వాదాన్ని చదివి ప్రశ్నలు రాయాలి, కామాల జోలికి అప్పుడే పోకూడదు. మార్కులు తిరగరాసిన ప్రతికి ఇవ్వాలి. ఇది అందరికీ ఒకే తరగతిలో, పగటిపూట జరగాలి. ప్రమాణాలు పడిపోతాయనేవారు నేటి ఇంటర్నల్ పరీక్షల జవాబుపత్రాలు ఒకసారి తిరగేయాలి.

అసలు అడ్డంకి వేరే ఉంది. అరవై మంది వ్యాసాలు రెండుసార్లు చదవడం ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. పోస్టులు ఏళ్ల తరబడి ఖాళీగా ఉన్నాయి. ఉన్న తరగతుల్లో చాలా భాగాన్ని గంటల లెక్కన జీతం తీసుకునే కాంట్రాక్టు, పార్ట్‌టైమ్ అధ్యాపకులు మోస్తున్నారు. కాగితం దిద్దే సమయం ఆ గంటల లెక్కలోకి రాదు. అది లెక్కలోకి వచ్చేదాకా పై ప్రతిపాదన ఒకరిద్దరి ఓపిక మీదే నడుస్తుంది. వ్యాసం పెట్టడానికి మాత్రం కొత్త జీవో అక్కర్లేదు, బోర్డ్ ఆఫ్ స్టడీస్‌లో ఒక తీర్మానం చాలు. ఆ బోర్డుల్లో ఎవరు కూర్చుంటున్నారో కూడా ఈ సందర్భంగానే అడగాలి.