యోషికో ఒకాడా 'లేచిపోలేదు'

1938 జనవరి 3న జపాన్ నటి యోషికో ఒకాడా, నాటక దర్శకుడు ర్యోకిచి సుగిమోతోతో కలిసి సఖాలిన్ దీవి మంచులో సరిహద్దు దాటి సోవియట్ యూనియన్‌లోకి వెళ్లింది. జపాన్ పత్రికలు దాన్ని ప్రేమ పలాయనం అన్నాయి. మన భాషలో, లేచిపోయింది! సుగిమోతో కమ్యూనిస్టు. చైనాపై యుద్ధం సాగుతోంది, సైన్యంలోకి లాక్కుపోతారన్న భయం ఉంది. మగవాడు వెళ్లడానికి ఇన్ని కారణాలు దొరికాయి. ఆమె వెళ్లడానికి మాత్రం మగవాడొక్కడే కారణమట. (అతను జబ్బుపడ్డ భార్యను వదిలి వెళ్లాడు. అది మనం దాచనక్కర్లేదు.)

ఈ ముద్ర అప్పటికే పాతది. 1927లో ఒక సినిమా షూటింగ్ మధ్యలో సహనటుడితో వెళ్లిపోయిందని నిక్కత్సు కంపెనీ ఆమెను తీసేసింది. కొన్నేళ్లు నాటక బృందంతో ఊళ్లు తిరిగి పొట్టపోసుకుంది.

1933లో ఓజు తీసిన మూకీ 'టోక్యో స్త్రీ'లో ఆమె పాత్ర చూడండి. పగలు ఆఫీసులో టైపు కొట్టి, రాత్రి ఒళ్లమ్ముకుని తమ్ముణ్ణి చదివించే అక్క. సంగతి తెలిశాక తమ్ముడు ఆమె చెంపలు వాయించి, వెళ్లి ఆత్మహత్య చేసుకుంటాడు. అక్క సంపాదన తిన్నన్నాళ్లూ లేని పరువు ఒక్క రాత్రిలో ఎక్కణ్ణుంచి వచ్చింది? శవం ముందు కూచుని ఆమె అతని పిరికితనాన్నే నిందిస్తూ ఏడుస్తుంది. మాట వినిపించని సినిమాలో ఇంత మాట అనగలిగిన నటి ఆమె.

సరిహద్దు అవతల జరిగింది మన అభ్యుదయ మిత్రులకు ఇబ్బందిగా ఉంటుంది. అయినా చెప్పాలి. ఇద్దరినీ గూఢచారులని అరెస్టు చేశారు, హింసించి ఒప్పుకోలు రాయించుకున్నారు. 1939లో సుగిమోతోను కాల్చి చంపారు. ఆమెకు పదేళ్ల శిక్ష. ఆ ఒప్పుకోలు బలవంతంగా రాయించుకున్నదని, కేసు తిరిగి విచారించమని 1940లో నిర్బంధం నుంచే అర్జీ పెట్టుకుంది. ఎవరూ వినలేదు. విడుదలయ్యాక మాస్కో రేడియో జపనీస్ విభాగంలో పనిచేసింది. 1972లో జపాన్ వచ్చినప్పుడు కూడా శిబిరం సంగతి బయటపెట్టలేదు. 1992లో మాస్కోలో చనిపోయింది. పాత దస్తావేజులు బయటికొచ్చాకే ఇవన్నీ తెలిశాయి.

ఆమె ఎందుకు దాచిందని అడిగేవాళ్లున్నారు. ఎవరికి చెప్పాలి? లేచిపోయినదానిగా చూసిన దేశానికా, గూఢచారిగా చూసిన దేశానికా?

మన ఫిల్మ్ సొసైటీలు 'టోక్యో స్త్రీ' వేసేటప్పుడు పరిచయ పత్రంలో ఓజు గురించి ఒక పేజీ రాస్తే, ఆ అర్జీ గురించి రెండు వాక్యాలైనా రాయాలని మనం పట్టుబడదాం.