నకలు దూరాన ఉండాలి

గోదావరి ఒడ్డున కాపురముండే వారికి నీటి లెక్కలు ఒకరు చెప్పనక్కరలేదు. భద్రాచలం వద్ద నీటిమట్టం 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48 అడుగులకు రెండవది, 53 అడుగులకు మూడవది. 1986 ఆగస్టులో నది 75.6 అడుగుల ఎత్తున ప్రవహించింది. 2022 జూలైలో మళ్ళీ 71 అడుగులు దాటింది. హెచ్చరిక వినగానే ఇల్లాలు ముందుగా మూటకట్టేది పిల్లల సర్టిఫికెట్లు, రేషన్ కార్డు, పట్టా కాగితాలు. అవి పోతే మనిషి ఉన్నా, అతని ఉనికికి సాక్ష్యం ఉండదు.

ఈ అడవి అంచున ఆ మాట అక్షరాలా నిజం. 2006 నాటి అటవీ హక్కుల చట్టం ప్రకారం పోడు భూమిపై హక్కు కోరే గిరిజనుడు 2005 డిసెంబరు 13కు ముందే ఆ భూమి తన సాగులో ఉన్నదని చూపాలి. గిరిజనేతరుడైతే అంతకు పూర్వం మూడు తరాల, అనగా 75 ఏళ్ళ నివాసాన్ని నిరూపించాలి. ఓటరు కార్డు, ఇంటిపన్ను రసీదు, పెద్దల వాంగ్మూలం - ఇవే అక్కడ సాక్ష్యాలు. ఇరవై ఏళ్ళనాటి ఒక చీటీ నేడు రెండెకరాల విలువ చేస్తుంది.

ఇటువంటి కాగితాలను నేడు పాఠశాలలు, సహకార సంఘాలు, స్వచ్ఛంద సంస్థలు, మదర్సాలు స్కాన్ చేసి కంప్యూటరులో దాచుతున్నవి. మంచి పని. అయితే వారిని ఒక ప్రశ్న అడగాలి: ఆ కంప్యూటరు చెడిపోతే ఏం చేస్తారు? "బ్యాకప్ ఉన్నది" అంటారు. ఎక్కడ ఉన్నది? అదే గదిలో, అదే బల్ల మీద, పక్కనే ఉన్న మరొక డిస్కులో! గదిలోకి నీరు వస్తే రెండూ కలిసి తడుస్తవి. పిడుగు పడితే రెండూ కలిసి కాలుతవి. దొంగ వస్తే రెండూ ఒకే సంచిలో పోతవి.

ఇది మన పల్లెల అమాయకత్వమే అనుకోవద్దు. 2025 సెప్టెంబరు 26న దక్షిణ కొరియాలోని డేజాన్ నగరంలో ప్రభుత్వ సమాచార కేంద్రం అగ్నికి ఆహుతి అయింది. ఉద్యోగులు తమ ఫైళ్ళు దాచుకునే జీ-డ్రైవ్ అనే వ్యవస్థలో 858 టెరాబైట్ల సమాచారం నాశనమైంది. పరిమాణం మరీ పెద్దదన్న కారణంతో దానికి వేరొక చోట నకలు ఉంచలేదు. సాంకేతిక విద్యలో ముందున్న దేశానికే అట్లా జరిగినప్పుడు మనం ఎంత జాగ్రత్తగా ఉండాలి!

కనుక మొదటి సూత్రం: నకలు దూరాన ఉండాలి. భద్రాచలంలో అసలు ఉంటే సుమారు 120 కిలోమీటర్ల దూరాన ఖమ్మంలో మరొక సర్వర్ ఉంచి, నెట్‌వర్క్ ద్వారా అక్కడికి ప్రతి పంపాలి. ఖమ్మం కూడా వరదకు అతీతమేమీ కాదు. 2024 సెప్టెంబరు తొలినాళ్ళలో మున్నేరు ఆ పట్టణపు కాలనీలను ముంచెత్తింది. అయితే మున్నేరు కృష్ణకు ఉపనది, భద్రాచలాన్ని ముంచేది గోదావరి. ఒకే రోజున రెండూ ముంచడం అరుదు. సర్వర్‌ను మేడ మీద ఉంచితే మరింత క్షేమం. నిపుణులు చెప్పే లెక్క కూడా ఇదే: మూడు ప్రతులు, రెండు రకాల సాధనాల మీద, వాటిలో ఒకటి వేరే ఊరిలో.

ఇక పంపడం ఎట్లా? ఒక టెరాబైటు సమాచారాన్ని సెకనుకు 10 మెగాబిట్ల వేగంతో పంపితే తొమ్మిది రోజులు దాటుతుంది. 100 మెగాబిట్లయితే ఇరవై రెండు గంటలు. పైగా మన కనెక్షన్లలో దింపుకునే వేగం కన్నా ఎక్కించే వేగం తరచూ తక్కువగా ఉంటుంది. కనుక తొలి ప్రతిని డిస్కులో నింపి బస్సులో తీసుకుపోవడమే ఉత్తమం. పూట తిరగకుండా చేరుతుంది. ఆ తరువాత ప్రతి రాత్రి మారినంత మేరకే నెట్‌వర్క్ మీద పంపితే చాలు.

ఈ పనికి ఆర్‌సింక్ అనే ఉచిత సాధనం ఉన్నది. ఆండ్రూ ట్రిడ్జెల్, పాల్ మెకరాస్ అనే ఇద్దరు దీనిని 1996లో వెలువరించారు. ఇది పనిచేసే తీరు ముచ్చటైనది. ఖమ్మం సర్వర్ తన వద్దనున్న పాత ఫైలును చిన్న చిన్న ముక్కలుగా లెక్కించి, ఒక్కొక్క ముక్కకు గుర్తుగా ఒక సంఖ్యను కట్టి, ఆ సంఖ్యలను మాత్రమే భద్రాచలానికి పంపుతుంది. ఇక్కడి సర్వర్ తన కొత్త ఫైలుతో వాటిని పోల్చుకొని, పోలని ముక్కలను మాత్రమే తిరిగి పంపుతుంది. పెద్ద ఫైలులో నాలుగు పేజీలు మారితే ఆ మేరకే ప్రయాణం. నడుమ కరెంటు పోయినా, అడవిలో కేబుల్ తెగినా, తగిన ఆదేశం ముందే ఇచ్చి ఉంటే అప్పటిదాకా చేరిన భాగం వృథా పోదు.

ఇందులో మూడు జాగ్రత్తలు ఉన్నవి. ఫైళ్ళను ముందుగానే జిప్ చేసి కుదిస్తే చిన్న మార్పుకు కూడా ఫైలులో అధిక భాగం మారిపోతుంది, ముక్కలు పోల్చే సౌలభ్యం పోతుంది. కనుక కుదింపును ప్రయాణంలోనే చేయించాలి. రెండవది, డేటాబేస్ నడుస్తుండగా దాని ఫైళ్ళను నేరుగా ఎత్తరాదు. ఒకరు రాస్తున్న పుస్తకాన్ని మరొకరు అదే క్షణాన నకలు చేస్తే సగం వాక్యమే దొరుకుతుంది. ముందు డంప్ తీసి దానిని పంపాలి. మూడవది, ఆధార్ సంఖ్యలు, భూమి పత్రాలు పరుల అమానతు. వాటిని ఎస్‌ఎస్‌హెచ్ వంటి గుప్త మార్గం ద్వారానే పంపాలి.

చేరిన ప్రతి సరియైనదేనా? హదీసు విద్యలో నకలు తీసిన గ్రంథాన్ని అసలుతో అక్షరమక్షరం పోల్చి చూడటాన్ని ముకాబలా అంటారు. ముకాబలా జరగని ప్రతిని పండితులు నమ్మరు. కంప్యూటరులో ఆ పని చెక్‌సమ్ చేస్తుంది. ఎంత పెద్ద ఫైలుకైనా షా-256 పద్ధతి 64 అక్షరాల ముద్రను ఇస్తుంది. ఒక్క చుక్క మారినా ముద్ర మారిపోతుంది. రెండు ఊళ్ళలోని ముద్రలు కలిస్తే ప్రతి నిక్కమైనది.

మరొక అపాయం ఉన్నది. ఇక్కడ పొరపాటున చెరిపినది అక్కడ కూడా చెరిగిపోయేలా అమరిస్తే అది అద్దం మాత్రమే, బ్యాకప్ కాదు. ఫైళ్ళకు తాళం వేసి డబ్బు అడిగే రాన్సమ్‌వేర్ వస్తే తాళం పడిన ఫైళ్ళే ఖమ్మం చేరుతవి. 2019లో తెలుగు రాష్ట్రాల విద్యుత్ పంపిణీ సంస్థల కంప్యూటర్లకు ఇటువంటి దాడి తగిలింది. 2022 నవంబరులో ఢిల్లీ ఎయిమ్స్ ఆసుపత్రి ఇదే బాధతో రోజుల తరబడి చీటీలను చేతితో రాసుకొన్నది. కనుక తేదీలవారీగా పాత ప్రతులు కూడా నిలపాలి. భద్రాచలం నుండి నెట్టడం కాక, ఖమ్మం సర్వరే వచ్చి తీసుకొనేలా అమర్చాలి. అప్పుడు ఇక్కడి కంప్యూటరు దుండగుని చేతికి చిక్కినా అక్కడి తాళంచెవి దానిలో ఉండదు.

అన్నిటికన్నా ముఖ్యమైనది చివరి మాట. తెరిచి చూడని బ్యాకప్ ఆశ మాత్రమే. ఏడాదికి రెండు మార్లు, వానలకు ముందొకసారి, తరువాత ఒకసారి, ఖమ్మంలోని ప్రతి నుండి పది పత్రాలను వేరొక కంప్యూటరులో దించి చదవండి. పాఠం వచ్చిందని పిల్లవాడు అంటే సరిపోదు, అప్పజెప్పించుకోవాలి. సంకేతపదం ఒక్కరికే తెలియకూడదు. నమ్మకస్తులైన ఇద్దరికి తెలియాలి. మనిషి ఆయువుకు హామీ లేదు కదా.

సంస్థలకు చెప్పినది ఇంటికీ వర్తిస్తుంది. పిల్లల సర్టిఫికెట్లను, పట్టాలను ఫోటో తీసి ఒక పెన్ డ్రైవులో నింపి, వేరే ఊరిలోని అన్నగారింటనో మేనమామగారింటనో ఉంచండి. ఏడాదికొకసారి తెరిచి చూడమనండి. ఖర్చు కొన్ని వందల రూపాయలు. మూడవ హెచ్చరిక మోగిన రాత్రి అప్పుడు మీరు మోయవలసినది పిల్లలను మాత్రమే.