ఋషి ప్రశ్న, వక్తల తీర్పు

విశ్వసృష్టిశాస్త్రమంతయు మన హిరణ్యగర్భసూక్తమందే కలదని తిరుపతి, చిత్తూరు సభలలో వినివిని మాకు విసుగు పుట్టినది. కలదేని, ఆకాశమంతట నిండిన 2.725 కెల్విన్ ప్రాచీన వికిరణమున లక్షకొక పాలు హెచ్చుతగ్గు లున్నవని ఏ మంత్రము చెప్పినది? 1992లో కోబె ఉపగ్రహము కొలిచి చెప్పినది. అణువుకన్న సూక్ష్మమైన క్వాంటము చాంచల్యమే సృష్ట్యారంభపు మహావ్యాకోచమున సాగి ఆ హెచ్చుతగ్గులై, పిదప నక్షత్రమండలములకు బీజమాయెనని నేటి సిద్ధాంతము. అదియు నింక విచారణలోనే యున్నది.

2014లో దక్షిణధ్రువపు బైసెప్2 వారు ఆ వ్యాకోచపు గురుత్వతరంగముల జాడ చిక్కినదని చాటిరి. 2015లో ప్లాంక్ వారితో గూడి, అందు హెచ్చుభాగము పాలపుంత ధూళియే కావచ్చునని తామే ఒప్పుకొనిరి. మన వక్తలలో నట్టివా డొక్కడు గలడా? సూక్తము జెప్పిన ఋషియే మంత్రము వెంట మంత్రము ప్రశ్నించుచుండగా, వీరు తీర్పు వ్రాయుచున్నారు! బడిపిల్లలకు లెక్క చెప్పవలసినచోట గొప్ప చెప్పుచున్నారు. 2015 నుండి తిరుపతికి ఐసర్ విద్యాసంస్థ యున్నది. వచ్చు సభకు అచ్చటి భౌతికశాస్త్రజ్ఞుని బిలిచి, ఆ కొలతను తెలుగున చెప్పింపుడు.