కప్పను కోయాలా? చేపను చూడండి

చేప గుండెకు రెండు గదులు, కప్ప గుండెకు మూడు, మేక గుండెకూ మన గుండెకూ నాలుగు. ఈ సంగతి అడిగితే మీరు టకటకా చెప్పేస్తారు. మరి వీటిలో ఒక్కదాన్నయినా కళ్ళారా చూశారా?

ఒకప్పుడు ఇంటర్, డిగ్రీ విద్యార్థులు కప్పకు క్లోరోఫారం ఇచ్చి, మైనం పోసిన ట్రేలో వెల్లకిలా పడుకోబెట్టి, పొట్ట కోసి చూసేవారు. డిగ్రీ కాలేజీల్లో జంతువులను కోయడం తగ్గించమని 2011లోనూ, మానెయ్యమని 2014లోనూ యు.జి.సి. చెప్పింది. ఇది మంచి నిర్ణయమే అని నా అభిప్రాయం. కప్పలు పొలాల్లో పురుగులను తిని రైతుకు మేలు చేస్తాయి. కప్పకాళ్ళ ఎగుమతిని మన దేశం 1987లో ఆపింది కూడా.

"జంతువులను కోసి చూడకపోతే శాస్త్రం ఎలా పెరిగేది?" అని మీరు అడగవచ్చు. నిజమే. రక్తం గుండె నుంచి బయలుదేరి మళ్ళీ గుండెకే చేరుతుందని విలియం హార్వే 1628లో రాసిన పుస్తకం వెనుక ఎన్నో జంతువుల పరిశీలన ఉంది. కాని అప్పటికి ఆ ప్రశ్నకు జవాబు తెలియదు. ఇప్పుడు తెలిసిన జవాబునే మళ్ళీ చూడడానికి తరగతికి ఇన్ని కప్పలు చొప్పున చంపనక్కరలేదు.

అలాగని బొమ్మతో సరిపెట్టుకోమని నేననను. బొమ్మలో ధమని ఎరుపు, సిర నీలం, ఏ అవయవానికి ఆ అవయవం విడివిడిగా ఉంటాయి. అసలు శరీరంలో అన్నీ మెత్తగా, తడిగా, ఒకదాని మీద ఒకటి ఒదిగి ఉంటాయి. అది చూస్తేనే తెలుస్తుంది.

అందుకు చేపల బజారు చాలు. "అవ్వా, కొంచెం మెల్లగా కొయ్యవా, లోపల చూస్తాను" అని అడగండి. మూత ఎత్తితే ఎర్రని మొప్పలు, వాటి వెనుక చిన్న గుండె కనిపిస్తాయి. పగిలితే కూరంతా చేదు చేసే ఆకుపచ్చ తిత్తే పిత్తాశయం. వెన్ను కింద తెల్లని గాలితిత్తి ఉంటుంది. బొచ్చె, శీలావతి చేపల్లో అది రెండు భాగాలుగా ఉంటుంది. శీలావతి పేగు పొడవుగా చుట్టలు చుట్టుకుని ఉంటుంది. కొరమేను పేగు పొట్టిది. ఎందుకో చెప్పగలరా? మొదటిది ఎక్కువగా నాచు, మొక్కలు తింటుంది. రెండవది ఇతర జీవులను తింటుంది.

వీపున వెన్నెముక, దాని కింద జీర్ణనాళం, ఇంకా కిందుగా, ముందువైపు గుండె. ఈ అమరిక చేపలోనూ, కప్పలోనూ, మీలోనూ ఒకటే. మాంసం వండని ఇళ్ళ పిల్లలు నమూనాల మీద ఈ అమరికనే గుర్తుపట్టవచ్చు.

కత్తి మాత్రం పెద్దల చేతిలోనే ఉండనివ్వండి. చూశాక సబ్బుతో చేతులు కడుక్కుని, చూసింది చూసినట్టు బొమ్మ గీయండి. తరువాత పాఠ్యపుస్తకంతో పోల్చండి. తేడా కనిపించిన చోట మాస్టారిని అడగండి. కూర కోసం ఎలాగూ కోసే చేప ఉండగా, చెరువుగట్టు మీది కప్పను దాని మానాన దాన్ని బెకబెకమననివ్వండి.