పరశురాముడి కథలో అమ్మ ఎక్కడుంటుంది?

'మహావతార్ నరసింహ' దర్శకులు అశ్విన్ కుమార్ గారికి,



మీ సినిమా 2025 జూలై 25న పెద్ద హడావుడి లేకుండా వచ్చింది. చూసినవాళ్లు చూడనివాళ్లకు చెప్పగా చెప్పగా వసూళ్లు 300 కోట్లు దాటాయి. మన దేశంలో తీసిన ఏ యానిమేషన్ సినిమాకూ ఇంత ఆదరణ దక్కలేదు. చెప్పులు బయటే విడిచి హాల్లో అడుగుపెట్టినవాళ్లు కూడా ఉన్నారు. ఒక బొమ్మల సినిమాకు జనం అంత నమ్మకంతో రావడం నాకెంతో సంతోషం కలిగించింది. ఇప్పుడు వాళ్లంతా 2027లో మీరు తెస్తానన్న పరశురాముడి కోసం ఎదురుచూస్తున్నారు. ఆ సినిమా పూర్తయ్యేలోగా నా మనసులో మాట మీ చెవిన వేయాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

ప్రహ్లాదుడు తెలుగువాళ్లకు ఇంటి పిల్లాడు. మా సినిమాకు మాట వచ్చిందే అతని కథతో. 1932లో హెచ్.ఎం.రెడ్డి గారు తీసిన 'భక్త ప్రహ్లాద' మా మొదటి టాకీ. చిత్రపు నారాయణరావు గారు అదే కథను 1942లో ఒకసారి, 1967లో ఏవీఎం వారికి రంగుల్లో ఇంకోసారి తీశారు. పోతన భాగవతం పుస్తకం ఎన్నడూ తెరవనివాళ్లకు కూడా ప్రహ్లాద చరిత్రలోని పద్యం ఒకటో రెండో నోటికి వచ్చి ఉంటుంది. స్తంభం చీలిన చోటు ఇదేనంటూ అహోబిలంలో కొండమీద ఉగ్రస్తంభాన్ని చూపిస్తారు. మీ సినిమా చూస్తున్నప్పుడు మాలో చాలామందికి మనసులో ఆ కొండ మెదిలింది.

కథను దితితో మొదలుపెట్టడం నాకు బాగా నచ్చింది. అసురులు ఎక్కణ్ణుంచో ఊడిపడలేదని, వాళ్లకూ ఒక తల్లి ఉందని, ఆమె కోరికకూ కాలానికీ పొంతన కుదరకపోవడంతోనే అంతా మొదలైందని పిల్లలకు మొదటి నిమిషాల్లోనే తెలిసింది. వరాహమూర్తి యుద్ధంలో ఆ పరిమాణం, ఆ నీళ్ల బరువు పెద్ద తెరమీదే చూడాల్సినవి. చివరి యుద్ధంలో హాలు హాలంతా ఊగిపోయింది. నేనూ ఊగిపోయాను.

కానీ మా గుళ్లలో నరసింహుడితో మేం ఎలా ఉంటామో ఒకసారి గమనించండి. సింహాచలంలో స్వామి ఏడాది పొడుగునా చందనం పూతలో ఉంటాడు. అక్షయ తృతీయ నాడు మాత్రమే నిజరూపం చూపిస్తాడు. మంగళగిరిలో పానకం పోస్తారు. యాదగిరిగుట్టలో ఆయన లక్ష్మీనరసింహుడు. ఆయన కోపాన్ని మేం కాదనం. అది చల్లారాలని కోరుకుంటాం, చల్లార్చే పని మాదేనని అనుకుంటాం. భాగవతంలోనూ అంతే. హిరణ్యకశిపుడు చచ్చాక దేవతలకు దగ్గరికి వెళ్లే ధైర్యం లేదు, లక్ష్మీదేవికే లేదు. అప్పుడు ఒక పసివాడు నడుచుకుంటూ వెళ్లి ఆ కాళ్లకు మొక్కుతాడు, రక్తంతో తడిసిన ఆ చెయ్యి వాడి తలమీదికి వస్తుంది. నా దృష్టిలో కథకు అదే శిఖరం. మీ సినిమాలో ప్రహ్లాదుడి ప్రార్థన ఉంది, కాదనను. యుద్ధానికి ఇచ్చినంత తీరిక దానికి ఇవ్వలేదనే నా బాధ. పోరు ముగిసేసరికి చూసేవాళ్లకు ఊపిరి సలపడం లేదు. ఆ నిశ్శబ్దాన్ని ఇంకొంచెం సేపు నిలబెట్టి ఉంటే, ఆ చెయ్యి తలమీదికి రావడం పిల్లలకు యుద్ధం కన్నా ఎక్కువ కాలం గుర్తుండేది.

నా పక్కన కూర్చుని చూసిన ఏడేళ్ల మేనల్లుడు బయటికొచ్చాక ఒకటే అడిగాడు: "ప్రహ్లాదుడికి భయం వెయ్యలేదా?" ఏనుగులు వచ్చినా, కొండమీద నుంచి తోసినా, మంటలో కూర్చోబెట్టినా మీ ప్రహ్లాదుడి ముఖంలో ఒకే ప్రశాంతత. భక్తి అంటే అదేనని మీరు చెప్పవచ్చు. 1967 సినిమాలో రోజారమణి గారి ప్రహ్లాదుడూ చెదరలేదు. అయితే అక్కడ తెరమీద ఉన్నది నిజమైన పసిపిల్ల. ఆ చిన్న భుజాలు చూస్తేనే మనకు దడ పుట్టేది. బతికున్న పిల్ల కెమెరా ముందుంటే పసితనం దానంతట అదే వస్తుంది. బొమ్మకు దాన్ని ఎవరో ఒకరు గీసి ఇవ్వాలి. ఒక్క అరక్షణం తడబాటు, గట్టిగా మూసుకున్న కళ్లు, అమ్మ ఎక్కడుందా అని ఒక చూపు ఉంటే చాలు. వాడి భక్తి తగ్గిపోదు, వాడు భయపడి కూడా నిలబడ్డాడని తెలుస్తుంది.

హిరణ్యకశిపుడి విషయంలోనూ ఇదే చెబుతాను. అదే 1967 సినిమాలో ఎస్.వి.రంగారావు గారి గర్జన అందరికీ గుర్తే. కానీ కొడుకును చంపమన్నాక ఆయన ముఖంలో తండ్రి కదులుతాడు, చూడండి. ఆ పాత్ర ఇన్నేళ్లు నిలిచింది అందుకే. మీ అసురరాజు శరీరం అద్భుతం, ముఖం మాత్రం రాయి. సూక్ష్మమైన ముఖకవళికలు కంప్యూటర్ బొమ్మల్లో ఎంత కష్టమో, ఎంత ఖర్చో నాకు తెలుసు. హాలీవుడ్ స్టూడియోల దగ్గరున్న డబ్బు మీ దగ్గర లేదనీ తెలుసు. అందుకే ఈ మధ్య నేను చూసిన ఇంకో రెండు సినిమాల గురించి చెప్పాలి.

లాత్వియా దర్శకుడు గింట్స్ జిల్బలోడిస్ తీసిన 'ఫ్లో'కు 2025లో ఆస్కార్ వచ్చింది. ఎవరైనా ఉచితంగా తీసుకోగల బ్లెండర్ సాఫ్ట్‌వేర్‌తో తీశారు. వరదలో ఒక పిల్లి, ఒక పడవ, ఇంకొన్ని జంతువులు, అంతే. ఒక్క మాట లేదు. పిల్లి బొచ్చు నిజం బొచ్చులా ఉండదు, రంగు పులిమినట్టుంటుంది. అయినా అది నీళ్లలో జారిన ప్రతిసారీ నా ప్రాణం గిలగిలలాడింది. డబ్బుతో కాని పనిని ఆయన గమనింపుతో చేశారు. పిల్లి ఎప్పుడు చెవులు వెనక్కి పెడుతుందో, దూకే ముందు ఎంతసేపు ఆగుతుందో ఆయనకు తెలుసు. ఇంకోటి, నిక్ పార్క్, మెర్లిన్ క్రాసింగ్‌హామ్ కలిసి తీసిన వాలెస్, గ్రోమిట్‌ల కొత్త కథ, 'వెంజెన్స్ మోస్ట్ ఫౌల్'. 2024 క్రిస్మస్ నాడు ఇంగ్లండ్‌లో బీబీసీలో వచ్చింది, తర్వాత నెట్‌ఫ్లిక్స్‌లో మేం చూశాం. అందులో దుర్మార్గుడు ఒక మట్టి పెంగ్విన్. నోరు విప్పడు, ముఖం కదలదు, ఉన్నవల్లా రెండు నల్లటి చుక్కల్లాంటి కళ్లు. ఊరికే నిలబడి చూస్తాడు, మనకు వెన్ను జలదరిస్తుంది. ముఖం కదలని పాత్రను కదలకపోవడంతోనే భయంకరం చేశారు. మీ హిరణ్యకశిపుడు అరిచినప్పటికన్నా, సభలో కొడుకు మాట వింటూ నిశ్శబ్దంగా ఉన్న రెండు మూడు చోట్లే నన్ను ఎక్కువ భయపెట్టాడు. ఆ దారి మీకు తెలియనిది కాదు. ఇంకాస్త దూరం వెళ్లండి.

ఇలాంటి పాత ఉదాహరణ ఇంకొకటుంది. యూగో సాకో, రామ్‌మోహన్ గార్ల 1993 నాటి యానిమేషన్ రామాయణం 2025 జనవరిలో తెలుగు మాటలతో మళ్లీ హాళ్లకు వచ్చింది. ముప్పై ఏళ్ల నాటి చేతిగీత బొమ్మలు. కొత్తగా చూసిన పిల్లలు కూడా విసుక్కోకుండా కూర్చున్నారు. అడవిని అడవిలా, సాయంత్రాన్ని సాయంత్రంలా చూపించే ఓపిక ఆ సినిమాకుంది.

2037 దాకా మీ అవతారాల వరస ప్రకటించారు. మా మేనల్లుడికి అప్పటికి పందొమ్మిదేళ్లు వస్తాయి. మా తరానికి హిరణ్యకశిపుడంటే రంగారావు గారి ముఖమే ఎలా గుర్తొస్తుందో, వాడి తరానికి రాముడు, కృష్ణుడు, కల్కి అంటే మీరు గీసిన ముఖాలే గుర్తొస్తాయి. అది మామూలు బాధ్యత కాదు. అందుకే పరశురాముడి గురించి నాకింత ఆరాటం.

గొడ్డలి, ఇరవై ఒక్కసార్లు క్షత్రియ సంహారం, కార్తవీర్యుడి వెయ్యి చేతులు. తెరమీద ఇవి ఎంత రక్తి కడతాయో ఊహించగలను. వీటన్నిటి కన్నా ముందు ఆ గొడ్డలి ఎవరి మెడమీద పడిందో మాత్రం మీరు తప్పించుకోలేరు. నీళ్లకు వెళ్లి ఆలస్యమైనందుకు రేణుకను చంపమని జమదగ్ని ఆజ్ఞాపించాడు. అన్నలు కాదన్నారు. చిన్నవాడు నరికాడు, తర్వాత వరం అడిగి బతికించుకున్నాడు. ఏడేళ్ల పిల్లాడికి దీన్ని ఎలా చూపిస్తారు? తండ్రి మాట జవదాటని కొడుకుగా అతన్ని నిలబెట్టి, నేపథ్య సంగీతం పెంచి ముందుకెళ్లిపోవడం సులువు. అలా వెళ్లొద్దని వేడుకుంటున్నాను.

తెలంగాణలో రేణుక కథ ఆమె వైపు నుంచి ఉంది. ఇక్కడ ఆమె రేణుకా ఎల్లమ్మ. బల్కంపేటలో ఏటా ఆషాఢంలో ఆమెకు కల్యాణం చేస్తారు, వేలాది మంది ఆడవాళ్లు బోనమెత్తుతారు. ఎన్నో గౌడుల ఇళ్లలో ఆమె కులదైవం. బైండ్లవాళ్లు జమిడిక మోగిస్తూ ఆమె కథను రాత్రుళ్లు పాడతారు. అందులో పరశురాముడు కొడుకు, దేవుడామె. తెగిన తల ఇక్కడ ఓడిపోయిన తల కాదు, పూజలందుకునే తల. కొడుకు చేసిన పనిని జనం దాచిపెట్టలేదు, తల్లిని మాత్రం పైకెత్తుకున్నారు. దితితో కథ మొదలుపెట్టగలిగిన మీకు ఈ వైపు కష్టం కాదు. కాదన్న అన్నలనూ చూపించండి. గొడ్డలి ఎత్తిన చెయ్యికి ఇచ్చినంత సమయం, నీళ్ల కుండతో ఇంటికి తిరిగొస్తున్న ఆ తల్లి నడకకూ ఇవ్వండి. వరం దొరికి ఆమె కళ్లు తెరిచినప్పుడు కొడుకు ఆమె ముఖం చూడగలిగాడా లేదా, అక్కడ ఆగండి.

మీ రచయితలనూ బొమ్మలు గీసేవాళ్లనూ ఒకసారి ఇటు పంపండి. బైండ్ల గాయకులకు తగిన సంభావన ఇచ్చి, ఎల్లమ్మ కథ మొదటి నుంచి చివరిదాకా పాడించుకుని వినమనండి. తెలుగు డబ్బింగ్ మాటలు రాసుకునేటప్పుడు కాదు, రేణుక ముఖానికి మొదటి గీత పడకముందే ఆ పని జరగాలి.

ఇట్లు,
మీ తర్వాతి సినిమాకు పిల్లలను వెంటబెట్టుకుని రాబోయే
ఒక తెలుగు ప్రేక్షకురాలు